నోటి మీది చెయ్యి

మా ముత్తాత వెంకటరంగారావు గారిది ఏడు ఊళ్ల మక్తా. లక్సెట్టిపేట వైపు గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఏడు ఊళ్ల శిస్తు ఆయన చేతి మీదుగానే పైకి పోయేది. మా తాత నరసింహారావు గారు గడి అని పిలిచే మా పెద్ద ఇంటి ముందు అరుగు మీద కూర్చుని జనం తగాదాలు వినేవారు. చెప్పిన మాటను ఆయన ఎవరి చేతా రెండోసారి చెప్పించుకోలేదని, ఒకసారి తల ఊపితే అది రాసిచ్చిన కాగితంతో సమానమని మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. మా బాపు మాధవరావు గారి కాలానికి భూములు కొన్ని సీలింగు చట్టానికి, కొన్ని నక్సలైట్ల భయానికి పోయాయి. చెప్పుకోవడానికి ఎవరూ రాని ఆ అరుగు మీద ఆయన మాత్రం రోజూ అదే వేళకు కూర్చునేవారు. నేను ఆయన ఒక్కగానొక్క కొడుకును, రామచందర్‌రావును. నాకు అరవై మూడేళ్లు.

గొప్ప కోసం ఇదంతా చెప్పడం లేదు. నాకు వచ్చిన జబ్బు ఏ ఇంటికైనా రావచ్చు. అది ఈ ఇంటికి వచ్చి ఏమి చేసిందో తెలియాలంటే, ఈ ఇల్లు ఎలా వినేదో ముందు తెలియాలి. మా ఊళ్లో గడి మనిషితో మాట్లాడేటప్పుడు తల వంచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. మగవాళ్లయితే తువ్వాలు చెంగు, ఆడవాళ్లయితే కొంగు ఆ చేతిలో ఉంటుంది. వాళ్ల ఊపిరి మా మీద పడకూడదని పూర్వం ఎవరో పెట్టిన ఆచారం. ఈ కాలపు పిల్లలు మానేశారు. అరవై దాటిన వాళ్లు మానలేదు. అలా చెయ్యమని నేను ఎవరికీ చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు.

మార్చి

ఆ రోజు పొద్దున లేచేసరికి చప్పుళ్లన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. కుక్కర్ కూత వేసింది. పెరట్లో కోడి తన పిల్లలను పిలుచుకుంటోంది. వీధిలో ఎవరో సైకిల్ స్టాండు వేశారు. ఈ చప్పుళ్ల మధ్య నా భార్య సులోచన వంటింట్లోంచి ఏదో అంది.

అది మాట కాదు. గొంతు ఉంది, హెచ్చుతగ్గులు ఉన్నాయి, ఏదో అడుగుతున్నట్టు చివర్లో పైకి తేలింది కూడా. లోపల మాత్రం ఏమీ లేదు. గింజ పట్టని కంకిని అరచేతుల్లో నలిపినట్టు ఉంది. అది సులోచన గొంతేనని కూడా వంటింటి వైపు నుంచి వచ్చింది కాబట్టి అనుకున్నాను.

టీవీ పెట్టాను. వార్తలు చదివే అమ్మాయి పెదవులు కదులుతున్నాయి, రేకు మీద గులకరాళ్లు దొర్లిస్తున్న చప్పుడు వస్తోంది. పేపరు తెరిచాను. అక్షరం పొల్లు పోకుండా మొత్తం చదివాను. "చాయ్ పట్టుకరా" అన్నాను. సులోచన చాయ్ తెచ్చింది. అంటే నా మాట వాళ్లకు చేరుతోంది. వాళ్ల మాటే నా దాకా రావడం లేదు. నా గొంతు కూడా పక్క గదిలో ఎవరో మాట్లాడినట్టు వినిపించింది.

మొదట నాకేదో అయిందని తోచలేదు. వాళ్లకేదో అయిందని తోచింది. నాకు చెప్పకుండా ఊరంతా కూడబలుక్కుని వేరే భాషలోకి మారిపోయిందనుకున్నాను. వాకిట్లో నిలబడి ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటూ నవ్వారు. నవ్వు నవ్వులాగే వినిపించింది. నవ్వుకు ముందు వాళ్లు అన్నది మాత్రం మనుషులు మాట్లాడే దేనిలాగానూ లేదు. వాళ్లు పుట్టినప్పటి నుంచి నాకు తెలిసిన వాళ్లు. ఆ ఉదయం వాళ్ల మొహాలు చూడటానికి భయమేసింది.

ఏమన్నారని అడిగి ఉంటే ఆ రోజే బయటపడేది. నేను అడగలేదు. ఎవరు ఏమన్నా తల ఊపాను.

రెండో వారంలో మల్లవ్వ వచ్చింది. పదేళ్ల వయసు నుంచి మా ఇంట్లో పని చేస్తున్న మనిషి, ఇప్పుడు డెబ్బైకి దగ్గరగా ఉంటుంది. గడి వెనక మా జాగలోనే ఒక గూన పెంకుల ఇంట్లో ఉంటుంది. అరుగు కింద నిలబడి, నోటి మీద కొంగు పట్టుకుని చాలాసేపు చెప్పింది. కొంగు వెనక ఏదో కదులుతోంది. దాని నుంచి చప్పుడు వస్తోంది. ఆమె కళ్లు నన్ను కాక నా పాదాలను చూస్తున్నాయి. మొహం లేని మనిషి నాతో మాట్లాడుతున్నట్టు ఉంది. చప్పుడు ఆగింది. ఆమె నిలబడే ఉంది. నేను తల ఊపాను. వంగి నేలకు దండం పెట్టి వెళ్లిపోయింది. పనికి నాగా కావాలని అడిగిందేమో అనుకున్నాను.

పది రోజుల తరువాత పెరటి వైపు వెళ్లి చూస్తే మల్లవ్వ ఇంటి పక్కన ముగ్గు పోసి, మూడు వైపులా పునాది తవ్వి ఉంది. రాళ్లు కూడా దింపారు. జాగ మాది. నా ఇంటి వెనక, నన్ను అడగకుండా! అక్కడే నిలబడి గట్టిగా కేకలేశాను. సాయంత్రానికల్లా ఆ గుంతలు పూడ్పించాను. మల్లవ్వ పరుగెత్తుకుంటూ వచ్చి కొంగు వెనక నుంచి ఏదేదో చెప్పింది. కళ్ల నీళ్లు కారుతున్నాయి. ఆ ఏడుపు నాకు పూర్తిగా తెలిసింది. చెప్పిన దాంట్లో ఒక్క ముక్క తెలియలేదు. నేను వెనుదిరిగి లోపలికి వెళ్లిపోయాను.

ఏప్రిల్

నాకు కోపం వచ్చిందని సులోచన అనుకుంది. మా అవ్వ, అంటే మా అమ్మ, ఉన్న రోజుల్లో పడిన అలవాటు కొద్దీ ఆమె నాతో మొహం పక్కకు తిప్పుకునో, తలుపు చాటు నుంచో మాట్లాడుతుంది. నేను జవాబివ్వకపోతే రెండోసారి అడగదు. అలా ఇద్దరం ఒకే ఇంట్లో మూడు వారాలు గడిపాం. ఒక రోజు క్యాలెండరు కాగితం వెనక "నా మీద కోపమా?" అని రాసి నా కంచం పక్కన పెట్టింది. "లేదు" అన్నాను. అంతకు మించి చెప్పలేదు.

ఆమెకు అనుమానం వచ్చింది. మర్నాడు నేను పేపరు చదువుతుంటే వెనక నిలబడి, మామూలు గొంతుతో, "ఇల్లు అంటుకున్నది" అన్నదట. నేను తల ఊపానట. "మంటలు దూలాల దాక వచ్చినయ్" అన్నదట. మళ్లీ తల ఊపానట.

ఆమె ముందుకు వచ్చి నా పేపరు మీదే పెన్నుతో రాసింది: "మీకు ఇనస్తలేదా?"

"ఇనస్తున్నది" అన్నాను. "తెలుస్తలేదు."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. సులోచన పెన్ను పక్కన పెట్టి తన తమ్ముడికి ఫోను చేసింది.

ఆ వారమే ఇంకొకటి మొదలైంది. మనుషుల మాట చప్పుడైపోయిన ఇంట్లో చప్పుళ్లు మాట్లాడసాగాయి. మధ్యాహ్నం పడుకుంటే పంకా నన్ను పేరు పెట్టి పిలిచేది. గొంతు మా బాపుది. బావి దగ్గర మోటారు ఒకే వాక్యాన్ని తిప్పి తిప్పి అనేది, చివరి మాట దగ్గరికి రాగానే మింగేసేది. ఆ చివరి మాట కోసం నేను ఎండలో మోటారు పక్కన కూర్చున్నాను. మాట కోసం ఆకలిగొన్న మెదడు అలా కల్పించుకుంటుందని తరువాత డాక్టరు రాసి చూపించాడు. అప్పుడు నాకా సంగతి తెలియదు. పోయిన వాళ్ల మాటలు అర్థమవుతున్నాయి, ఉన్నవాళ్లవి కావడం లేదు కాబట్టి నేను ఎటు వైపు ఉన్నానో తేల్చుకోలేకపోయాను.

మా బావమరిది వచ్చాడు. నా ఎదుటే అక్కాతమ్ముళ్లు వాదించుకున్నారు. ఏమనుకున్నారో సులోచన తరువాత చెప్పింది.

"బావకు గాలి సోకింది అక్కా. డాక్టర్లకేం దెలుస్తది? కొండగట్టుకు తీస్కపోదాం. పదకొండొద్దులు నిద్ర జేపిద్దాం."

"పదకొండొద్దులా? గాయన ఒక్కపూట పక్కింట్ల గూసోడు."

"గందుకే సోకింది!"

"రెండొద్దులే. మూడో నాడు కరీంనగర్ దవాఖానకు. మళ్ల నువ్వు నోరు దెరిస్తె జూడు."

కొండగట్టు అంజన్న గుడి దగ్గర వేలమంది ఉన్నారు. పూజారి మంత్రం, మైకులో ప్రకటన, కొబ్బరికాయలు అమ్మేవాళ్ల బేరం నాకు ఒకే రకంగా, గోడ అవతల ఇసుక పోస్తున్నట్టు వినిపించాయి. గుడి వెనక జుట్టు విరబోసుకుని ఊగుతున్న ఆడవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లలో ఒకామె అరిచింది. ఆ అరుపులో మాట లేదు. అందుకే అది నాకు మొత్తంగా అందింది. నెలన్నర తరువాత ఒక మనిషి గొంతులోంచి వచ్చింది ఏదీ మిగలకుండా నా లోపలికి దిగింది. ఆమె నా వైపు తిరిగి మళ్లీ అరిచింది. నేను "అవును" అన్నాను. సులోచన నా చెయ్యి పట్టుకుని మెట్ల దాకా లాక్కొచ్చింది. రెండో రోజు వరకు ఆగలేదు. అటు నుంచి అటే కరీంనగర్ వెళ్లాం.

మే

ఆసుపత్రిలో పేరు పిలిస్తే లోపలికి వెళ్లాలి. సులోచన స్కానింగ్ కాగితాల కోసం కింది అంతస్తుకు వెళ్లింది. తలుపు దగ్గర నిలబడిన అతను పిలిచినప్పుడల్లా ఒకరు లేచి లోపలికి వెళుతున్నారు. ప్రతి ఒక్కరికీ తన పేరు తెలుస్తోంది. నేను అతని నోటి వంక చూస్తూ కూర్చున్నాను. మా పేరు పిలవడానికి ఒకప్పుడు జనం తడబడేవారు. ఇక్కడ పిలిచినా నాకు తెలియదు.

పక్క కుర్చీలో గళ్ల లుంగీ, తెల్ల చొక్కా వేసుకున్న ముసలాయన నా చేతిలోని చీటీ మీద పేరు చూసి మోచేత్తో నన్ను పొడిచాడు. నేను తిరిగేసరికి మొహాన్ని నా మొహానికి జానెడు దూరంలో పెట్టి, నోరు బాగా తెరిచి, ఒక్కో మాటా విడదీసి అన్నాడు.

"నీ పేరే గాదు తమ్మీ? మూడుసార్ల సంది పిలుస్తుండు. పో."

అతని కింది పెదవి మీద తంబాకు మరక ఉంది. ఆ పెదవి కదిలిన చోట చప్పుడు అతుక్కుంది. హఠాత్తుగా అది మాట అయింది. అన్నీ కాదు, "తమ్మీ", "పో" మాత్రమే. నన్ను తమ్మీ అని పిలిచిన మనిషి నా జన్మలో లేడు. ఇంకొకప్పుడైతే ఏమనేవాణ్ణో. ఆ రోజు మాత్రం, "ఇంకొకసారి చెప్పు" అన్నాను.

ఆయన పేరు ఓదెలు. ముప్పై రెండేళ్లు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. కంపెనీ క్వార్టర్లలోనే పెరిగిన మనిషి. లోపల మిషన్ల హోరుకు చెవులు దెబ్బతిన్నాయి. నేను డాక్టరు దగ్గర నుంచి బయటికి వచ్చాక సులోచన, ఓదెలు, ఆయన భార్య ముగ్గురూ నా కోసం కూర్చుని ఉన్నారు.

ఓదెలు భార్య నన్ను, తన మొగుణ్ణి మార్చి మార్చి చూసి, "గాయినకు చెవుడు, గీయినకు చెవుడు. సక్కని జోడి గుదిరింది పో!" అన్నదట. సులోచన నవ్వింది. ఇల్లు వదిలాక ఆమె నవ్వగా విన్నది అప్పుడే.

ఓదెలు తన నోటి వైపు వేలు చూపించి ఏదో చెప్పాడు, సులోచన దాన్ని కాగితం మీద రాసి చూపించింది. "బాయిల మిషన్ నడుస్తుంటె మాటేడ ఇనొస్తది తమ్మీ? టోపి లైటు మొకం మీదికి గొట్టి నోరు జూస్తుంటిమి. నోరు జూస్తె సగం సమజైతది. మిగిలిన సగం మన అక్కెరే జెప్తది."

డాక్టరు రాసిచ్చింది ఇంతే: చెవులు బాగున్నాయి. చెవి తెచ్చిన చప్పుడును మాటగా విప్పే చోటు మెదడులో రెండు వైపులా దెబ్బతింది. ఒకవైపుది పాత దెబ్బ, నాకు తెలియకుండానే వచ్చి పోయింది. మార్చిలో వచ్చింది రెండోది. మొదటి రోజే వచ్చి ఉంటే బాగుండేదని కూడా రాసి, కింద గీత గీశాడు. ఇది చదివే వాళ్లకు నేను చెప్పదలచింది కూడా అదే. మీ ఇంట్లో మనిషి ఉన్నట్టుండి మాటకు మాట కలపకపోతే కోపమని వదిలేయకండి. పరువు తక్కువని దాచుకోకండి. ఆ పూటే తీసుకెళ్లండి.

నెల రోజులు కరీంనగర్‌లోనే అద్దె గదిలో ఉండి మాట నేర్పే అమ్మాయి దగ్గరికి వెళ్లాను. అరవై మూడేళ్ల వయసులో ప, బ, మ దగ్గర మొదలుపెట్టాను. ఆ మూడింటికీ పెదవులు ఒకేలా కలుస్తాయి, తేడా చెవి చెప్పాలి. క, గ అయితే గొంతులోనే పుట్టి పోతాయి, కంటికి దొరకవు. కన్ను వదిలేసింది చెవి, చెవి వదిలేసింది కన్ను ఏరుకోవాలి. గదిలో సులోచన ఎదురుగా కూర్చుని నాకు పాఠం చెప్పేది. పెళ్లయిన ముప్పై ఎనిమిదేళ్లలో ఆమె నోటిని నేను అంతసేపు చూసింది లేదు.

"ఇగ జూడకుండ్రి, నాకు సిగ్గైతున్నది" అంది ఒక రోజు.

ఆ మాట నాకు ఒక్కసారికే తెలిసింది.

జూన్

ఇంటికి వచ్చిన మర్నాడు మల్లవ్వ అరుగు కిందికి వచ్చి నిలబడింది. గుంతలు పూడ్పించినప్పటి నుంచి పనిలోకి రావడం లేదు. నోటి మీద కొంగు, చూపు నా పాదాల మీద. చప్పుడు మొదలైంది. నాకు ఏమి కావాలో ఇప్పుడు నాకు తెలుసు. నోరు కనబడాలి.

"చెయ్యి తీసి మాట్లాడు" అన్నాను.

ఆమె చెయ్యి ఇంకా గట్టిగా అదుముకుంది. నా గొంతు ఎంత పెద్దగా లేస్తోందో నాకు తెలియదు. లేచి ఒక అడుగు ముందుకు వేసి, ఆమె నోటి వైపు చెయ్యి చాపి, "తియ్యి!" అని అరిచాను.

మల్లవ్వ రెండు చేతులూ తల మీద కప్పుకుని కింద కూర్చుండిపోయింది. కాసేపటికి లేచి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

ఎందుకలా చేసిందో నాకు ఎవరూ చెప్పనవసరం లేదు. ఆమె పదిహేనేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఒకసారి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా మా అవ్వతో మాట్లాడింది. మా అవ్వ చెంప మీద కొట్టింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు ఉంటాయి. అదే అరుగు మీద కూర్చుని బెల్లం పల్లీలు తింటున్నాను.

తెల్లవారి మల్లవ్వ కొడుకు గంగాధర్ వచ్చాడు. దుబాయిలో పని, సెలవు మీద వచ్చిన మనిషి. కింద ఆగలేదు. నేరుగా అరుగు ఎక్కి నా మొహంలో మొహం పెట్టాడు.

"ఏందయ్యా? ముసల్దాన్ని గొట్టనీకి లేస్తవా?"

సులోచన తలుపు దగ్గర నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. నేను చెయ్యి అడ్డం పెట్టి ఆమెను ఆపాను.

"జాగ అమ్ముమని మా అవ్వ అడిగితె నువ్వు తలూపినవ్. ఊపినవా లేదా? నువ్వు తలూపినవనే పునాది దీసినం. దీసినంక పూడిపిచ్చినవ్. నీ తాత తలూపితె కాయిదం అంటరు గదా. మరి గిదేం దొరతనం? అవ్వకు గీ వానకాలం ఇల్లు ఆగది. గోడ నానింది. నాకు లీవు పన్నెండొద్దులే ఉన్నది. నేను పోయినంక గా గోడ మీద వడితె ఎవల్ని అడగాలె?"

కోపంతో ఒక్కో మాటనూ విడిగా విసిరాడు. నోరు బాగా తెరుచుకుంది. నోటికి ఏదీ అడ్డం లేదు. మూడు నెలల తరువాత మా ఊరి మనిషి నోటి నుంచి నాకు పూర్తిగా అందిన మొదటి మాటలు అవి. నాకు అవమానం తరువాత గుర్తొచ్చింది. ముందు కలిగింది మాత్రం ఆశ్చర్యం. గోడ నానింది! ఆ రెండు మాటలు ఎంత స్పష్టంగా ఉన్నాయో!

"నీది తప్పు లేదు" అన్నాను. "నేను ఇని తలూపలేదు."

"ఇనకుంట ఎందుకూపినవ్?"

"తెలుస్తలేదని చెప్పలేక."

అతను సులోచన వైపు చూశాడు. ఆమె జబ్బు సంగతి చెప్పింది. అతని భుజాలు కొంచెం దిగాయి గానీ కోపం పోలేదు. పోవాలని నేను కోరలేదు.

"నాతోని ఏం లాభం" అన్నాడు చివరికి. "అడిగింది మా అవ్వ. ఆమెకే చెప్పుండ్రి."

నేను అరుగు దిగి, గడి చుట్టూ తిరిగి మల్లవ్వ ఇంటికి వెళ్లాను. వెళ్లడం అదే మొదలు. వెనక గోడ అడుగున చెయ్యి పెడితే మట్టి ముద్దలా వచ్చింది. మల్లవ్వ గడప మీద నుంచి లేవబోయింది. లేవద్దని చెప్పి ఎదురుగా ఉన్న రాయి మీద కూర్చున్నాను. రోగం సంగతి నేనే చెప్పాను. "నోరు జూస్తెనే నాకు మాట తెలుస్తది. నిన్ను గొట్టనీకి రాలే."

ఆమె చెయ్యి నోటి దాకా పోతోంది, మళ్లీ దిగుతోంది. చివరికి కుడి చేతిని ఎడమ చేత్తో ఒడిలో పట్టుకుని ఉంచింది. యాభై తొమ్మిదేళ్లుగా మా ఇంట్లో మసలిన మనిషి నోటిని నేను ఎరగను. ముందు పళ్లు రెండు లేవు. పై పెదవికి ఒక పక్క చిన్న గాటు. ఎవరినో కొత్త మనిషిని చూస్తున్నట్టు నాకు మళ్లీ భయమేసింది. ఆమెకూ అలాగే ఉండి ఉంటుంది, నా పాదాలు కాక నా కళ్లు చూడాల్సి వచ్చింది.

"నా పెనిమిటి గీ ఇంట్లనే పాయె దొరా" అంది నెమ్మదిగా. "నేను గూడ ఈడనే పోత. నా కొడుకు స్లాబు ఏపిస్తనంటుండు. పరాయి జాగల ఎట్ల ఏపియ్యాలె? గీ జాగ నాకమ్ము."

"పరాయి" తెలియలేదు. మళ్లీ అడిగాను. ఆమె మళ్లీ చెప్పింది. ఈసారి కొంచెం గట్టిగా, కొంచెం విసుగ్గా.

ఇప్పుడు

ఎదురుగా కూర్చుని నిదానంగా చెబితే మాట అందుతుంది. వెనక నుంచి పిలిస్తే, ఫోనులో మాట్లాడితే అందదు. నలుగురు ఒకేసారి మాట్లాడితే మళ్లీ ఆ గింజ లేని కంకుల చప్పుడే. పంకా మాట్లాడటం మానేసింది. మోటారు అప్పుడప్పుడు ఒక మాట అంటుంది, నేను దాని దగ్గర కూర్చోవడం లేదు. ఊళ్లో పెద్దవాళ్లు కొందరు నా ఎదుట చెయ్యి దించుతున్నారు, కొందరు దించలేకపోతున్నారు. దించలేని వాళ్లకు పలక ఇస్తాను. రాయడం రాని వాళ్ల కోసం సులోచన పక్కన కూర్చుని వాళ్ల మాటను తన నోటితో నాకు చెబుతుంది.

గడి వెనక, ఇంటితో సహా ఎనిమిది గుంటల జాగను మల్లవ్వ పేరున అమ్మాను. గంగాధర్ దుబాయికి వెళ్లడానికి మూడు రోజుల ముందు రిజిస్ట్రేషన్ అయింది.